షెడ్యూల్లో లేని పిల్లలు

గోదావరిఖనిలో చిన్నప్పుడు సీసం మాకు ఆటవస్తువు. పాత లారీ బ్యాటరీ పలకల్ని రేకుడబ్బాలో వేసి బొగ్గుల మీద పెడితే కరిగి వెండి నీళ్ళలా దిగేది. వలలకి గుండ్లు పోసేవాళ్ళు. చిన్న గుండుని తాడుకి బిగించాలంటే పళ్ళతో కొరికి నొక్కేవాళ్ళం. బొగ్గు దుమ్ము, బూడిద మంచివి కావని మా ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. సీసం మాట మాత్రం ఎవ్వరూ ఎత్తలేదు.

చట్టానికి తెలియక కాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం వృత్తివ్యాధులంటూ పేర్కొన్న అతి కొద్ది జబ్బుల్లో సీసం విషం ఒకటి. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో మొట్టమొదటి పేరు అదే. ఆ చట్టం కింద డాక్టరు ఆ జబ్బు కనిపెడితే చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కి రాసి తీరాల్సి ఉండేది. అయితే ఈ రెండు చట్టాలకీ కనబడింది కార్మికుడొక్కడే. అతని చొక్కాకి అంటుకుని ఇంటికొచ్చే పొడి, ఆ చొక్కా పట్టుకు వేలాడే పిల్ల, వీటికి ఏ షెడ్యూల్లోనూ చోటు లేదు. డేటాబేస్‌లో కాలమే పెట్టనప్పుడు విలువ ఎక్కడ రాస్తాం?

పిల్లల సంగతి లోకానికి కొత్తదేం కాదు. 1904లోనే బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు, వరండా కటకటాల రంగు పిల్లల వేళ్ళకంటి నోట్లోకి పోతోందని రాశాడు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసానికి 90 పీపీఎం హద్దు అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. మధ్యలో 1999లో జార్జ్ ఫౌండేషన్ హైదరాబాదుతో సహా కొన్ని నగరాల్లో రక్తపరీక్షలు చేస్తే, పన్నెండేళ్ళలోపు పిల్లల్లో సగానికి పైగా డెసిలీటరుకి పది మైక్రోగ్రాములు దాటారు. మరుసటేడు పెట్రోల్లోంచి సీసం పోయింది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్ళింది. మన పేపర్లలో సీసం పతాక శీర్షికలకెక్కిన అరుదైన సందర్భం అది.

మరి తల్లిదండ్రులు ఎక్కడికెళ్ళాలి? 2010 చట్టంతో వచ్చిన హరిత ట్రిబ్యునల్ ఉంది, మనకి చెన్నై బెంచి. పదిహేనో సెక్షను కింద పరిహారం అడగొచ్చు, ఎదుటివాడి తప్పు రుజువు చెయ్యనక్కర్లేదు. కానీ నష్టానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఐదేళ్ళలోపు వెళ్ళాలి. రెండేళ్ళప్పుడు సీసం మింగిన పిల్లాడు లెక్కల్లో వెనకబడ్డాడని టీచరు చెప్పేది ఎప్పుడు? సివిల్ కోర్టులో కొంత నయం, మైనర్‌గా ఉన్న కాలం లెక్కలోకి రాదు. పద్దెనిమిది నిండాక మూడేళ్ళ దాకా గడువు దొరకొచ్చు. అయితే అప్పటికి సాక్ష్యం ఏది? రక్తంలో సీసం నెలా నెలన్నరకి సగమైపోతుంది, ఎముకల్లోకి పోయింది మాత్రం దశాబ్దాలుంటుంది. అనుమానం వచ్చిన వారంలోనే రక్తపరీక్ష చేయించి కాగితం దాచుకోవడం ఏ లాయరు సలహాకన్నా ముందు చెయ్యాల్సిన పని.

ఇంకో చిక్కు, ప్రతివాది. 1986 ఓలియం కేసులో సుప్రీంకోర్టు పెద్ద పరిశ్రమకి సాకుల్లేని బాధ్యత పెట్టింది. పెరట్లో డబ్బా పెట్టి కరిగించేవాడి దగ్గర రాబట్టడానికేముంది? 2022 బ్యాటరీ నిబంధనల్లో పర్యావరణ పరిహారం అనే మాట చూసి ఆశగా చదివాను. ఆ డబ్బు విడి ఖాతాలో ఉంటుంది. వెనక్కి రాని పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చెయ్యడానికి దాన్ని వాడతారు.