ది ఘోస్ట్ అండ్ మిసెస్ మ్యూర్

ఐరిష్ రచయిత్రి జోసెఫిన్ లెస్లీ ‘ఆర్.ఎ. డిక్’ అనే కలంపేరుతో రాసిన ఆంగ్ల నవల (1945). అత్తింటివారి పెత్తనం పడలేక యువ వితంతువు లూసీ మ్యూర్ పిల్లలతో సముద్రపు ఒడ్డున గల్ కాటేజీలో అద్దెకు దిగుతుంది. ఇంటి యజమాని, ఓడ కెప్టెన్ డేనియల్ గ్రెగ్ చనిపోయినా ఆ ఇల్లు వదలడు. ఊరంతా ఆత్మహత్య అనుకున్న అతని చావు నిజానికి గ్యాస్ ప్రమాదం. దయ్యం కథే గానీ, ఇందులో భయం కన్నా వాళ్లిద్దరి కీచులాటలే ఎక్కువ. నవల బలమూ అదే. డబ్బుకు కటకటలాడుతున్నప్పుడు కెప్టెన్ తన సాగరయానాలు చెబుతుంటే ఆమె పుస్తకంగా రాస్తుంది. జోసెఫ్ మాంకివిచ్ తీసిన 1947 నాటి సినిమాలో, కెప్టెన్ మోటు మాట ఒకటి టైపు చేయడానికి లూసీ తటపటాయించే ఘట్టం ముచ్చటగా ఉంటుంది. జీన్ టియర్నీ, రెక్స్ హారిసన్ నాయికానాయకులు. నవలలోని ఇద్దరు పిల్లల్లో కూతురే సినిమాలో మిగిలింది. 1968లో అమెరికన్ టీవీ దీన్ని హాస్య ధారావాహికగా మలిచింది.