ఖగోళశాస్త్ర విద్య - పాఠ్యాంశాల ఎంపిక

ఖగోళశాస్త్ర పరిశోధనను వృత్తిగా స్వీకరించదలచిన విద్యార్థి డిగ్రీలో ఏ సెమిస్టరున ఏ విషయాలు చదవాలన్నది ఈ వ్యాసంలోని అంశం. భారతదేశంలో ఈ శాస్త్రానికి ప్రత్యేకించిన డిగ్రీ కోర్సులు బహు తక్కువ. అధికులు బి.ఎస్సీ.లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఈ రంగంలో ప్రవేశిస్తారు. ఇంటర్మీడియట్‌లోనే గణితాన్ని వదిలిన వారికి ఈ దారి దాదాపు మూసుకుపోతుంది.

పునాది విషయాలు

నక్షత్రాన్ని ప్రయోగశాలకు తేలేము. దాని నుండి వచ్చే కాంతియే ప్రధాన ఆధారం. ఆ కాంతి వర్ణపటంలోని రేఖలను అర్థం చేసుకోవడానికి క్వాంటమ్ యాంత్రికశాస్త్రం, నక్షత్ర గర్భంలోని స్థితిని లెక్కించడానికి ఉష్ణగతికశాస్త్రం, గ్రహగతులకు యాంత్రికశాస్త్రం అవసరం. నక్షత్ర వాతావరణంలో పరమాణువులు ఏ మేరకు అయనీకరణం చెందుతాయో తెలిపే సమీకరణాన్ని 1920లో మేఘనాద్ సాహా ఉష్ణగతికశాస్త్రం ఆధారంగానే సాధించారు. ఆయన ఎం.ఎస్సీ. చదివినది అనువర్తిత గణితంలో.

చదవవలసిన క్రమం

ఐచ్ఛికాల పట్టికలో "ఖగోళ భౌతికశాస్త్రం" అన్న పేరు కనబడగానే విద్యార్థి ఉబలాటపడడం సహజం. కాని కలనగణితం, అవకలన సమీకరణాలు రాకుండా దానిలో చేరితే సూత్రాలను కంఠస్థం చేయడమే మిగులుతుంది. సదిశ విశ్లేషణ తరువాతనే విద్యుదయస్కాంతత్వం, ఉష్ణగతికశాస్త్రం తరువాతనే సాంఖ్యక యాంత్రికశాస్త్రం తీసుకోవడం మేలు. ఒకే సెమిస్టరులో రెండు కఠినమైన సిద్ధాంత విషయాలను ఎంచుకున్నపుడు మూడవదిగా ప్రయోగశాలను గాని, కంప్యూటర్ ప్రోగ్రామింగును గాని తీసుకోవచ్చును. నేటి ఖగోళ పరిశోధకుని కాలం దూరదర్శిని వద్దకన్నా కంప్యూటర్ ముందే ఎక్కువగా గడుస్తుంది. పరిశోధనా సంస్థలలో ప్రవేశానికి జరిగే జెస్ట్ పరీక్షలోనూ ఈ విద్యార్థులు రాయవలసినది భౌతికశాస్త్ర ప్రశ్నాపత్రమే.

జ్యోతిషంతో పొరపాటు

పేర్ల పోలికవలన కొందరు జ్యోతిష కోర్సులను ఖగోళశాస్త్రంగా భ్రమిస్తారు. 2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం "జ్యోతిర్విజ్ఞానం" కోర్సులను ప్రవేశపెట్టగా, హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ తదితరులు న్యాయస్థానానికి వెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు ఆ కోర్సులను సమర్థించింది. చేరేముందు కోర్సు పేరును కాక పాఠ్యప్రణాళికను చూడాలి.

హైదరాబాదులో

1901లో ఆరంభమైన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. అక్కడ ఖగోళశాస్త్ర శాఖ 1959లో ఏర్పడింది. జపాల్-రంగాపూర్‌లోని 48 అంగుళాల దూరదర్శిని ఈ విశ్వవిద్యాలయానిదే. నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడైన వైణు బప్పు నిజాం కళాశాలలో చదివి, మద్రాసు విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పొంది, ఆ తరువాతనే ఖగోళశాస్త్రంలో పరిశోధనకు హార్వర్డ్ వెళ్లారు.