సత్యం చెప్పని సత్యం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు గోడలు కనపడకుండా వేలాడిన రోజులవి. ఊళ్ల నుంచి వచ్చి, పంజాగుట్ట దాకా హాస్టళ్లలో ఇరుక్కుని చదివిన పిల్లల నోట ఎక్కువగా నలిగిన కంపెనీ పేర్లలో సత్యం ఒకటి. భీమవరం ప్రాంతపు బైర్రాజు రామలింగరాజు 1987లో పెట్టిన సంస్థ అది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. 2008 నాటికి అందులో సుమారు 53 వేల మంది ఉద్యోగులు. మనవాడి కంపెనీ అని తెలుగువాళ్లు మురిసిపోయారు.

2009 జనవరి 7న ఆ మురిపెం కూలిపోయింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని రాజు బోర్డుకు లేఖ రాశారు. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభం ప్రకటించారు. నిజంగా వచ్చింది 61 కోట్లే.

మొదట్లో తేడా చిన్నదేనని ఆ లేఖే చెబుతోంది. అప్పుడే "ఈసారి లాభం తగ్గింది, ముందెలా ఉంటుందో చెప్పలేం" అని ఉంటే షేరు కొంత పడేది, కంపెనీ నిలిచేది. రాజు కుటుంబం వాటా తక్కువ. ఫలితాలు బాగాలేకపోతే కంపెనీ చేజారుతుందని భయం. ఆ భయంతో దాచిన తేడా ఏటేటా పెరిగింది. చివరికి 2008 డిసెంబరు 16న, కుటుంబమే నడుపుతున్న మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొని ఆ గుంట పూడ్చబోయారు. ఆచార్యులు, అనుభవజ్ఞులు కూర్చున్న బోర్డు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. మదుపరులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు.

లేఖ బయటపడ్డ రోజే షేరు విలువ నాలుగో వంతు కన్నా కిందికి జారింది. అమెరికా మాంద్యంతో అప్పటికే ఉద్యోగపు పిలుపు కోసం ఎదురుచూస్తున్న అమీర్‌పేట కుర్రాళ్ల మీద పిడుగులా పడింది ఆ వార్త. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో అందులో కలిసిపోయి పేరు కూడా మిగల్లేదు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రాజుతో సహా పది మందికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది.

రేపు లెక్కలు రాయబోయే పిల్లలారా, అంచనా అడిగితే హెచ్చెంతో తగ్గెంతో రెండూ చెప్పండి. తెలియనిది తెలియదనండి. పెద్ద కుర్చీల్లోని వారలారా, చెడు కబురు తెచ్చినవాణ్ణి కసరకండి. కంపెనీని కాపాడేది అతనే.