ఎట్టయపురం ఆస్థానంలో వయొలిన్

ఒకరోజు స్టూడియోలో ఎవరి పాటకో గిటారు వాయించి, మర్నాడు ఇంకెవరి కచేరీకో రైలెక్కే వాద్యకారుల పేర్లు చాలావరకు క్యాసెట్ అట్టకు కూడా ఎక్కేవి కావు. సీమ నుంచి వచ్చిన తంత్రీవాద్యాన్ని పట్టుకుని, ఊళ్లు మారి, తమిళనాట కోవిల్‌పట్టి దగ్గరి ఎట్టయపురం నల్లరేగడి నేలకు చేరిన బాలుస్వామి దీక్షితుల పేరు మాత్రం నిలిచింది. నిలిపింది ఒక తెలుగు పుస్తకం.

బాలుస్వామి 1786లో పుట్టాడు. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడు. తండ్రి రామస్వామి దీక్షితులను మద్రాసు దగ్గరి మణలి ముదలియార్లు ఆదరించారు. ఆ ఇంటి చిన్నయ్య ముదలియారు అన్నదమ్ములను సెయింట్ జార్జి కోటకు తీసుకెళ్లి కంపెనీ బ్యాండు వినిపించేవాడు. ఆ బాణీలు ముత్తుస్వామి చేతిలో నొట్టుస్వర సాహిత్యాలయ్యాయి. బాలుస్వామి మనసు వయొలిన్ మీదికి పోయింది. ముదలియారు ఒక దొరను గురువుగా కుదిర్చితే మూడేళ్లు నేర్చుకున్నాడు.

వయొలిన్‌కు మెట్లు లేవు. వీణ మీద తంత్రిని లాగి పలికించే గమకం ఇక్కడ వేలు జార్చితే పలుకుతుంది. మన విద్వాంసులు తంత్రులను స-ప-స-పలకు శ్రుతి చేసుకున్నారు. నేల మీద కూర్చుని, వాద్యం కొసను కుడిపాదం మీద ఆనించారు. దాంతో ఎడమచేతికి మోత తప్పింది, వేళ్లు తీగ పొడవునా తిరిగాయి. ఈ ఘనత అంతా బాలుస్వామి ఒక్కడికే కట్టబెట్టలేం. మరో వయొలిన్ విద్వాంసుడు తంజావూరు వడివేలుకు 1834లో తిరువాంకూరు రాజు స్వాతి తిరునాళ్ దంతపు వయొలిన్ బహూకరించాడు. అయినా దారి తీసినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది బాలుస్వామినే అని నా నమ్మకం.

అన్న చిన్నస్వామితో కలిసి మదురై వెళ్లాడు. చిన్నస్వామి అక్కడే కన్నుమూశాడు. జంట విడిపోయిన బాలుస్వామిని ఎట్టయపురం పాలకులు పిలిచి ఆస్థాన విద్వాంసుణ్ని చేశారు. వాళ్లు తెలుగు మూలాలున్న రాజకంబళం నాయకులు. తమ్ముణ్ని వెతుక్కుంటూ వచ్చిన ముత్తుస్వామి 1835 దీపావళినాడు ఆ ఊళ్లోనే తనువు చాలించాడు. ఆయన సమాధి అక్కడే ఉంది.

బాలుస్వామి తన కూతురి కొడుకునే దత్తత తీసుకున్నాడు. ఆ పిల్లవాడే సుబ్బరామ దీక్షితులు. కుటుంబం దాచుకున్న కృతులను బయట పెట్టడానికి ఆయన మొదట వెనకాడాడు. పాశ్చాత్య స్వరలిపిలో మన కృతులను అచ్చు వేయించిన ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు పట్టుబట్టాడు, ఎట్టయపురం రాజావారు ఖర్చు భరించారు. అలా 1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయింది. సుమారు 1,700 పుటలు. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు. తమిళదేశం నడుమ ఒక చిన్న సంస్థానంలో తెలుగు అచ్చులు పేర్చి ఇంత పని చేశారంటే ఒళ్లు పులకరిస్తుంది.

అందులోని వాగ్గేయకార చరిత్రలోనే బాలుస్వామి వయొలిన్ నేర్చిన ముచ్చట ఉంది. తాత చేతివేళ్లు ఎరిగిన మనవడు రాశాడు కాబట్టే అది మనదాకా వచ్చింది. 1961 నుంచి మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఈ గ్రంథాన్ని తమిళ లిపిలో సంపుటాలుగా వెలువరించింది.