జలప్రవేశం తరువాత: విశాఖ నౌకానిర్మాణంలో ఒక విస్మృత దశ

నౌకానిర్మాణ చరిత్రలో జలప్రవేశానికి దక్కిన ప్రాధాన్యం తరువాతి దశకు దక్కలేదు. బెల్‌ఫాస్ట్‌లో 1911 మే 31న నీటిలోకి జారినప్పుడు టైటానిక్ కేవలం ఉక్కు దేహం. యంత్రాలు, పొగగొట్టాలు, ప్రయాణికుల గదులు అమర్చడానికి మరో పది నెలలు పట్టింది.

తెలుగునేలపై ఈ ఆధునిక పరిశ్రమకు 1941 జూన్ 21న విశాఖపట్నంలో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా సంస్థ అక్కడ నిర్మించిన ‘జల ఉష’కు 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. అది సుమారు 8000 టన్నుల సరుకు ఓడ. అయినా నిర్మాణక్రమం ఒక్కటే. ఆ వేడుకతో ఓడ పూర్తి కాలేదు. దానిని ప్రయాణానికి సిద్ధం చేసింది ఫిట్టర్లు, వడ్రంగులు, విద్యుత్ పనివారు. వేడుక తేదీలతో పాటు వారి శ్రమనూ నమోదు చేసినప్పుడే విశాఖ నౌకానిర్మాణ చరిత్ర సమగ్రమవుతుంది.