సభికుని పాలు: తెనాలి, బాపట్ల, రేపల్లె సీమయందలి పేకాట చరిత్రము

జూదమునకు మన ధర్మశాస్త్రకారులు రెండు పేరులు పెట్టిరి. ప్రాణము లేని పాచికలు మొదలగువానితో నాడునది ద్యూతము. కోళ్లను, పొట్టేళ్లను పోరాడించి పణమొడ్డునది సమాహ్వయము. ఈ విభాగము మనుస్మృతి నవమాధ్యాయమున స్పష్టముగా గలదు. ఆంధ్రదేశమున రెంటికిని ప్రాచీనమైన ప్రసిద్ధి యున్నది. నన్నయభట్టు తెనిగించిన సభాపర్వము ద్యూతమునకును, పలనాటి వీరచరిత్రములోని కోడిపోరు సమాహ్వయమునకును ప్రతి గ్రామమున దెలిసిన దృష్టాంతములు. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల చుట్టునున్న కృష్ణాడెల్టా సీమలో నేడు జూదమనగా జనులకు ముందుగా స్ఫురించునది పాచిక కాదు, పేక. పాచికల చోటికి పేకయు, ద్యూతసభ చోటికి క్లబ్బును వచ్చిన క్రమమును, ఆటశాల యజమానుని లాభమును గూర్చి శాస్త్రములును చట్టములును తలచిన తీరును ఇచ్చట విచారింపబడుచున్నవి.

ఋగ్వేదము దశమమండలమున ముప్పదినాలుగవ సూక్తము జూదరి పరితాపము. విభీదక ఫలములే యందు పాచికలు. ఓడినవాని భార్య వానిని వీడుట, తల్లి శోకించుట, అప్పుల భయమున వాడు రాత్రివేళ పరుల యిండ్లకు బోవుట యందు వర్ణితములు. మనువు ద్యూత సమాహ్వయములు రెంటిని రాజ్యమున నుండనీయరాదని శాసించెను. కౌటిల్యుని మార్గము వేఱు. అర్థశాస్త్రము తృతీయాధికరణము కడపటి యధ్యాయమున ద్యూతాధ్యక్షుడను రాజోద్యోగి కనబడును. జూదము ఒక్కచోటనే జరుగవలెను; అన్యత్ర ఆడినవారికి దండనము. గూఢముగా జీవించు దొంగలను కనిపెట్టుట కిదియే యుపాయమని యాతని యభిప్రాయము. గెలిచిన ధనములో నూటికైదు అధ్యక్షునికి జెందును. పాచికల యద్దె, నీటికి, నేలకు రుసుము వేఱుగా నీయవలెను.

యాజ్ఞవల్క్యుడు నీ మార్గమునే యనుసరించెను. ద్యూతశాల నడపువానికి సభికుడని పేరు. గెలుపు నూఱు పణములు గాని అంతకు మించి గాని యున్న సభికునికి నూటికైదు, తక్కువైనచో నూటికి పది. అందుకు ప్రతిఫలముగా వాడు గెలిచినవానికి సొమ్ము వసూలుచేసి యిచ్చుటయు, రాజునకు పాలు చెల్లించుటయు జేయవలెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య నాధారముగా గొని పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. సభికుని స్వభావ మెట్టిదో తెలియగోరువారు మృచ్ఛకటికము రెండవ యంకమును చూడవచ్చును. పది సువర్ణములు ఋణపడిన సంవాహకుడు దేవాలయమున విగ్రహమువలె నిలిచి దాగుట, మాథురుడను సభికుడు వానిని తఱుముట, వసంతసేన తన కంకణ మిచ్చి వానిని విడిపించుట యందు గలవు. ఆ ఘట్టమున జూదరికి భయకారణము పాచిక కాదు, సభికుడే.

ఇక పేక సంగతి. పదునాఱవ శతాబ్దమున గంజీఫా యను వృత్తాకారపు ముక్కలాట మొగలాయీలతో హిందూదేశమున వ్యాపించెను. బాబరు 1527లో సింధు ప్రభువైన షాహసనునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్మృతిగ్రంథమున వ్రాసికొనెను. అక్బరు కాలమున పండ్రెండేసి ముక్కలు గల పండ్రెండు జాతులు, మొత్తము 144 ముక్కలు ఉండెనని ఐనీ అక్బరీ చెప్పుచున్నది. హిందువులు దీనిని దశావతారములతో జోడించి పది జాతుల 120 ముక్కల పేకగా మార్చుకొనిరి. తెలుగునాట నిర్మలలోను, కర్నూలు సీమలోని నొస్సములోను చిత్రకారులు గంజీఫా ముక్కలు వ్రాయుచుండిరి.

కాని నేడు డెల్టా గ్రామములలో నాడునది గంజీఫా కాదు, ఏబదిరెండు ముక్కల యూరోపియను పేక. ఇది యేవైపునుండి వచ్చినదో తెలుగు మాటలే కొంత సూచించుచున్నవి. నాలుగు జాతులకు మనవారు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని పేరులు పెట్టిరి. వీనిలో డైమను ఇంగ్లీషు మాట. కళావరునకు డచ్చివారి క్లావర్ అను మాటతోను, ఆఠీనునకు వారి హార్టెన్ అను మాటతోను గల పోలిక యుపేక్షింపదగినది కాదు. ఇంగ్లీషువారు కళావరును క్లబ్సు అందురు గదా. ఆ మాటనుండి కళావరు పుట్టుట కష్టము. చరిత్రము నీ యూహకు ప్రతికూలము కాదు. రేపల్లెకు సమీపమున సముద్రతీరమునందున్న నిజాంపట్టణమునే యూరోపియను వర్తకులు పెటపోలి యనిరి. డచ్చివారు 1606లో అచ్చట వర్తకస్థానము స్థాపించిరి. ఇంగ్లీషువారి గ్లోబు అను నావ 1611లో మొదట పెటపోలికిని, పిమ్మట మచిలీపట్టణమునకును వచ్చెను. నావికులున్నచోట పేక యుండుట సహజము. ముక్కలు ఏ రేవున ముందుగా దిగినను, పదములు తీరమునుండి లోనాటికి నడచినవనుట యుక్తియుక్తము.

పేక వచ్చుట వేఱు, పేకకు శాల యేర్పడుట వేఱు. శాల యేర్పడుటకు ధనమును, తీరికయు, రాకపోకలును కావలెను. బెజవాడయొద్ద కృష్ణానది యానకట్ట 1855లో ముగిసెను. కాలువలు పాఱిన పిదప ఈ సీమ వరిపంటకు నిలయమయ్యెను. 1899లో బెజవాడనుండి చెన్నపట్టణపు వైపు రైలుమార్గము పూర్తియగుటతో తెనాలి, బాపట్ల ఆ మార్గముననే చేరినవి. 1916లో రేపల్లెకును రైలు వచ్చెను. 1904లో గుంటూరు జిల్లా యేర్పడుటయు, 1909లో తెనాలి పురపాలకసంఘ మేర్పడుటయు ఉద్యోగులను, న్యాయవాదులను, వర్తకులను పట్టణములకు దెచ్చినవి. ఇంగ్లీషుదొరల క్లబ్బుల ననుసరించి తాలూకా పట్టణములలో టెన్నిసు, పత్రికాపఠనము, పేక మూడును గల వినోదసంఘములు వెలసినవి.

పదిమంది కూడి సంఘముగా నేర్పడుట యీ నేలకు క్రొత్తగాదు. రేపల్లె చేరువ భట్టిప్రోలు స్తూపమున దొరకిన క్రీస్తుపూర్వపు శాసనములలో గోష్ఠి యను సంఘములును, సింహగోష్ఠికి ప్రముఖుడుగా కుబీరకుడను రాజును పేర్కొనబడియున్నారు. అవి ధర్మకార్యమునకై కూడిన గోష్ఠులు; క్లబ్బు వినోదమునకై కూడినది. భేద మెంతయు గలదు. అయినను సభ్యుల చందాలతో నడచు సంఘమునకును, ఒకని లాభమునకై నడచు శాలకును గల యంతరము ముందు చెప్పబోవు విచారమున ముఖ్యమైనది.

ఈ సీమలో నాడు ఆటలు రెండు తెగలు. మూడుముక్కలాట, కోతముక్క మొదలగునవి యొక తెగ. కోతముక్కలో ఒక ముక్కను కోసి చూపి, తక్కినవానిని లోపల, బయట అని రెండు వైపుల వేయుచుందురు. జోడు ముక్క యేవైపున బడునో ఆ వైపు పణ మొడ్డినవారిది గెలుపు. ఇందు ఆడువాని బుద్ధికి బని లేదు. సంక్రాంతి తిరునాళ్లలో కోడిపందెముల ప్రక్కన వెలయు గుండాటయు నిట్టిదే. రెండవ తెగకు రమ్మీ ముఖ్యము. రెండు పేకలు కలిపి మనిషికి పదుమూడు ముక్కలు పంచుదురు. జోకరు సాయము లేని వరుస యొకటి తప్పక కూర్పవలెను. ఎదుటివాడు పాఱవైచిన ముక్కను, తీసికొన్న ముక్కను జ్ఞప్తియందుంచుకొని తన చేతిని నడపుకొనవలెను. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమున ప్రబలిన పోకరును కొంతవఱకు నీ తెగలోనిదే. అందు ముక్కల బలముకంటె ఎదుటివాని మనసు తెలియుట, పణము పెంచు వేళ, విడుచు వేళ యెఱుగుట ప్రధానము.

చెన్నరాజధానిలో 1930లో పుట్టిన జూదచట్టము ఈ రెండు తెగలను వేఱుపఱచెను. కేవలము నేర్పుచే గెలుచు ఆటలకు చట్టము వర్తింపదు. అయితే ఆ చట్టపు హృదయము ఆటయందు గాక యింటియందున్నది. ఇంటిని గాని ఆటసాధనములను గాని యుపయోగించినందుకు రుసుము పుచ్చుకొని, యజమానుడు లాభము పొందు స్థలమే సామాన్య జూదగృహము. ఇది సభికుని గుఱించిన పూర్వవిచారమునకు నూతన రూపమనుట తప్పుగాదు. తెలంగాణమున 1305 ఫసలీనాటి హైదరాబాదు జూదచట్టము అమలులో నుండెను. ఈ రెంటికి మాఱుగా 1974లో ఆంధ్రప్రదేశ్ జూదచట్టము వచ్చెను.

హైదరాబాదు చట్టము క్రింద పుట్టిన యొక యభియోగము సుప్రసిద్ధమైనది. 1963 మే నెలలో సికిందరాబాదులోని యొక క్లబ్బుపై పోలీసులు దాడిచేసి రమ్మీ యాడుచున్నవారిని పట్టుకొనిరి. క్లబ్బు ఆటకు ఐదు పాయింట్ల చొప్పున రుసుము పుచ్చుకొనుచుండెను. వివాదము సుప్రీముకోర్టు వఱకు నడచెను. 1967లో న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పుచు, రమ్మీలో పడు ముక్కలను గుర్తుంచుకొనవలెను గావున నది ప్రధానముగా నేర్పుతో గూడిన యాటయనియు, మూడుముక్కలాట కేవలము అదృష్టాధీనమనియు నిర్ణయించెను. క్లబ్బు సౌకర్యములకై పుచ్చుకొను మితమైన రుసుము లాభము గాదనెను. కాని యజమానుడు గాని క్లబ్బు గాని పణముల యాటనుండి లాభము గొన్నచో నేరమగునని గూడ చెప్పెను. ఈ తీర్పులోని మొదటి భాగమును పేకరాయుళ్లు కంఠస్థము చేసిరి. రెండవ భాగమును స్మరించువారు తక్కువ.

రెండవ భాగమున నెంత విషయమున్నదో చిన్న లెక్కచే దెలియును. ఆఱుగురు కూర్చుండి తలకు నూఱు రూపాయలు వైచిన ఆటకు ఆఱునూఱులు. శాలవాడు యాజ్ఞవల్క్యుడు చెప్పిన నూటికైదే పుచ్చుకొన్నను ఆటకు ముప్పది. ఇరువది యాటలు ముగియు నప్పటికి ఆఱునూఱులు శాలవానివి. అనగా ఆఱుగురును మొదట దెచ్చిన మొత్తము వాని చేజేరును. నేర్పరి గెలిచెనా, అదృష్టవంతుడు గెలిచెనా యను ప్రశ్నకు ఇందు దావు లేదు. ఆటగాండ్లలో నేర్పు సమానమైనచో అందఱును ఓడుదురు. ఓడనివాడు శాలవాడొక్కడే. నేర్పుగలవాడు గెలువవలెనన్న, ఎదుటివారిని మాత్రమేగాక యీ నూటికైదును గూడ జయింపవలెను. గోవాలో 1996 నాటి చట్టసవరణముచే నావలపై వెలసిన కాసినోలలో పోకరుబల్లయొద్ద ప్రతి కుప్పనుండి తీయు భాగమున కైనను సూత్రమిదియే.

అంతర్జాలమున పేకాట వచ్చిన పిదప సభికుడు కంటికి గనబడకపోయెను. పాలు మాత్రము పోలేదు. క్లబ్బునందు ఎదుటివాడు తెలిసినవాడు. పరిచితుల లజ్జ, తలుపు మూయు వేళ ఆటకు హద్దులైయుండెను. చేతిలోని యంత్రమునకు ఆ హద్దులు లేవు. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను తమ చట్టములను సవరించి పణపు టంతర్జాలక్రీడలను నిషేధించినవి. 2023 అక్టోబరు 1 నుండి కేంద్రము అట్టి యాటలకై జమచేయు పూర్తి మొత్తముపై 28 శాతము పన్ను విధించి, అర్థశాస్త్రమార్గమున రాజు పాలును గైకొనెను. రెండేండ్లు నిండకమునుపే, 2025 ఆగస్టులో, నేర్పు అదృష్టము అను భేదమును పాటింపక, పణముతో గూడిన యంతర్జాలక్రీడలన్నిటిని పార్లమెంటు నిషేధించెను. ఇది మనువు మార్గము.

కావున కౌటిల్యుని పక్షమును మనువు పక్షమును గ్రంథములయందే నిలిచిపోయినవి కావు. రెండును రెండేండ్లలోపుననే యీ దేశపు శాసనములందు దర్శన మిచ్చినవి. నేర్పు, అదృష్టము అను తర్కము న్యాయస్థానములకు బనికివచ్చినది. గృహస్థునకు బనికివచ్చు ప్రశ్న వేఱు: ఆట ముగిసినపుడు బల్లమీది సొమ్ములో ఎంత తగ్గెను, తగ్గిన దెవ్వరికి జేరెను? ఋగ్వేదమునాటి జూదరి భార్య యీ లెక్కను ఇంటిలోని వెలితిచే నెఱుగును. పంట యమ్మిన సొమ్ము ఇల్లు చేరకపోయిన నాడు డెల్టాలోని గృహిణియు నట్లే యెఱుగును.