వలస, జాతిభేదం, విలీనం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల అనుభవం

వలసపోయినవారు పరాయి సమాజంలో కలిసిపోవడాన్ని వారి భాషాభ్యాసంతో, ఆచారవ్యవహారాలతో కొలవడం పరిపాటి. అయితే, పుట్టుకను బట్టి ఆ సమాజం మనుషులకు కేటాయించే స్థానమే అంతకన్న నిర్ణాయకమైనది. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి రెండు దిక్కులకు సాగిన వలసలను పోల్చి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

మొదటిది మగ్గాన్ని అనుసరించిన వలస. సిరిసిల్ల పరిసరాల పద్మశాలీలు షోలాపూర్, భివండీ, ముంబయి నగరాలకు తరలిపోయారు. భివండీలో పద్మానగర్ వెలసింది. షోలాపూర్‌లో మార్కండేయుని ఆరాధన నిలిచింది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ వ్యవహారభాషలయ్యాయి. కులం చెరిగిపోలేదు, కాని పౌరసత్వం ఒకటే కావడం వల్ల ఓటు, ఇల్లు, ప్రాతినిధ్యం దక్కాయి. షోలాపూర్ తెలుగు పద్మశాలీ సమాజానికి చెందిన నర్సయ్య ఆడం 1978లో మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

రెండవది 1973 నాటి చమురు ధరల పెరుగుదల తరువాత ఊపందుకొన్న గల్ఫ్ వలస. అక్కడి కఫాలా విధానంలో కార్మికుని నివాసహక్కు యజమానితో ముడిపడి ఉంటుంది. పని ముగిస్తే నివాసమూ ముగుస్తుంది. ఎన్ని దశాబ్దాలు శ్రమించినా సామాన్య కార్మికునికి పౌరసత్వం అందదు. దీనికి మతభేదమే కారణమనడానికి వీలులేదు. కోరుట్ల, జగిత్యాలల నుండి వెళ్లిన ముస్లిం కార్మికులు అక్కడివారితో ఒకే మసీదులో నమాజు చేసినా, వారి స్థితి కూడ ఇదే. 2019లో ఖతర్‌ను సందర్శించిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి తెందాయి అచియుమే అక్కడ జాతీయతను బట్టి నెలకొన్న అంతరాలను కులవ్యవస్థతో పోల్చడం గమనార్హం.

ఈ ధోరణి గల్ఫ్‌కే పరిమితం కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ తెల్లవాడు కాడని తీర్పునిచ్చి, పౌరసత్వానికి అనర్హుడిగా నిర్ణయించింది. ఆయన ఆ దేశ సైన్యంలో పనిచేసినవాడు. భారతీయులకు ఆ అర్హత 1946 చట్టంతోనే లభించింది.

కనుక విలీనాన్ని వలసజీవి సుముఖతకు మాత్రమే వదలివేసే వివరణ అసమగ్రం. అకామా, కఫీల్, కల్లివెల్లి వంటి మాటలు నేడు ఈ ప్రాంతపు పల్లెల నుడికారంలో కలిసిపోయాయి. ఆ మాటలను మోసుకువచ్చిన మనుషులను మాత్రం అవి పుట్టిన నేల తనలో కలుపుకోలేదు.